లంకలో మధ్యాహ్నపు నిద్ర

గోదావరి ఒడ్డునున్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక నా ఉద్యోగమంతా గడిచింది. ఫార్మసిస్టుగా రిటైరై మూడేళ్ళవుతోంది. ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చుంటున్న అమ్మాయిలు అప్పుడప్పుడూ ఫోను చేస్తుంటారు. మొన్న ఒకమ్మాయి, "మేడమ్, మీరెప్పుడైనా ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చారా?" అని అడిగింది. లేదని చెప్పేస్తే నా మీద గౌరవం పెరిగేదేమో. కానీ ఇచ్చాను. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెబుతాను. మీలో కొందరికి మందుల సంగతి పనికొస్తుంది, కొందరికి నిద్ర సంగతి.

అప్పటికి నాకు యాభై ఒకటి. నెలసరి రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి వచ్చి, ఇంక ఆగిపోతున్న రోజులు. రాత్రి పదిన్నరకి పడుకుంటే నిద్ర బాగానే పట్టేది. రెండు కొట్టేసరికి గుండెల దగ్గర పొయ్యి రాజేసినట్టు వేడి లేచి మెడకీ, చెవులకీ ఎక్కేది. జాకెట్టు తడిసిపోయేది. పావుగంటకి అదే చెమట చల్లారి ఒణుకు పుట్టేది. ఆ తర్వాత తెల్లారేదాకా కళ్ళు తెరుచుకునే ఉండేదాన్ని. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను డిసెంబరులో ఫ్యాను ఐదు మీద పెడితే ఆయన మంకీ క్యాపు పెట్టుకుని, మఫ్లరు చుట్టుకుని పడుకునేవారు. ఒక్కరోజు విసుక్కోలేదు. "ఊటీకి టిక్కెట్టు లేకుండా వెళ్ళొస్తున్నాం" అని నవ్వేవారు. ఎందుకిలా అవుతోందని మాత్రం ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎవరికీ చెప్పలేదండి. మా చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన అవసరాలు చెప్పమంటే, "తలనొప్పి" అని చెప్పాను. పాపం, వాళ్ళంతా కళ్ళు మూసుకుని నా తలనొప్పి కోసం ఎంత శ్రద్ధగా ప్రార్థించారో!

ఇంకో పని కూడా చేశాను. దురదకీ జలుబుకీ ఇచ్చే చిన్న బిళ్ళ ఒకటుంది, వేసుకుంటే మత్తుగా ఉంటుంది. ఆసుపత్రిది ముట్టుకోకూడదన్న నీతి ఉంది కాబట్టి బయట షాపులో కొనుక్కున్నాను. మొదట సగం, తర్వాత ఒకటి, ఆ తర్వాత రెండు. రోజుకి ఇరవైసార్లు "డాక్టరుగారిని అడక్కుండా ఏదీ వేసుకోకండి" అని జనానికి చెప్పే నోటితోనే వాటిని మింగేదాన్ని. నిద్ర లాంటిదేదో వచ్చేది. పొద్దున్న లేస్తే మాత్రం తలలో దూది కుక్కినట్టుండేది, పదకొండింటి దాకా వదిలేది కాదు.

ఆసుపత్రిలో అది తెలుస్తూనే ఉంది. మందులు తెప్పించే ఇండెంటు మీద అయిపోయిన నెల పేరు రాశాను. స్టాకు రిజిస్టరు కనబడటం లేదని మా అటెండరుని అందరి ముందూ కేకలేశాను. అది నా కుర్చీ కిందే, నా టిఫిను సంచిలో దొరికింది. అటెండరు నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. భర్త పోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. ఆమే రిజిస్టరు తీసి తుడిచి బల్ల మీద పెట్టి, "టీ తెమ్మంటారా?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు బి.పి., షుగరు వాళ్ళకి నెలకి సరిపడా బిళ్ళలిచ్చే రోజు. వరండా నిండా జనం. అటెండరు సెలవు పెట్టి పిఠాపురం వెళ్ళింది, అమ్మవారికేదో మొక్కుంది.

మా దగ్గర మందులు తీసుకునే పెద్దవాళ్ళలో ఇద్దరికి ఒకే ఇంటిపేరు, ఒకే పేరు. ఒకాయనది ఈ ఊరే, షుగరుంది. రెండో ఆయనది పడవలో వెళ్ళాల్సిన ఏటి మధ్య లంక, బి.పి. ఒక్కటే. అలాంటి తికమక ఉంటుందనే, ముందే కట్టిపెట్టే ప్రతి కవరు మీదా పేరు కింద ఊరు కూడా రాసేదాన్ని. ఆ రోజు లంకాయన చీటీ తీసుకుని కవరు మీద పేరు చూశాను. కింద ఊరు చూడలేదు. ఇచ్చేశాను. ఆయన దణ్ణం పెట్టి, "వస్తానండి" అని వెళ్ళిపోయారు. అప్పుడు సుమారు పది.

పన్నెండున్నరకి ఊళ్ళో పెద్దాయన వచ్చారు. మిగిలిన కవరు చేతిలో పెట్టాను. ఆయన విప్పి చూసి, "ఇవి నావి కాదండి. నా బిళ్ళలు పచ్చగా ఉంటాయి కదండి," అన్నారు.

కవరు మీద ఊరు చదివాను. లంక. షుగరు లేని మనిషి, అదీ డెబ్భై దాటినాయన, షుగరు బిళ్ళ వేసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఉన్న షుగరు పడిపోతుంది. చూసేవాళ్ళు లేకపోతే మనిషి స్పృహ తప్పుతాడు, ప్రాణం మీదకొస్తుంది.

మందుల గదికీ డాక్టరుగారి గదికీ మధ్య నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో ఒక ఆలోచన వచ్చింది, దాచను. ఎవరికీ చెప్పకుండా నేనే వెళ్ళి కవరు మార్చుకుని వచ్చేస్తే? ఆయన ఇంకా వేసుకుని ఉండకపోతే ఎవరికీ తెలియదు కదా? తలుపు దాకా వెళ్ళి ఆగాను కూడా. లోపల నుంచి డాక్టరుగారే నా మొహం చూసి, "ఏంటి మేడమ్? ఏమైంది?" అన్నారు. ఆవిడకి ముప్పై కూడా లేవు, మా పెద్దమ్మాయి ఈడు. చెప్పేశాను.

ఆవిడ వెంటనే రోగుల రిజిస్టరులో లంకాయన పేరు పక్కనున్న నంబరుకి ఫోను చేశారు. ఆ పెద్దాయన కొడుకు ఎత్తాడు. కడియం నర్సరీలో లారీకి మొక్కలెక్కిస్తున్నాడట.

"నాన్న దగ్గర ఫోను లేదండి. అమ్మకి చేసి చూస్తానుండండి." రెండు నిమిషాల్లో మళ్ళీ చేశాడు. "ఎత్తట్లేదండి. ఫోను లోపలెక్కడో పెట్టేస్తుందండి, మోగినా వినబడదు. ఏంటండీ, మా నాన్నకేమైనా..."

"ఏం కాకుండా చూడటానికి మా మనిషి వెళ్తున్నారు. మీరూ బయల్దేరండి," అన్నారు డాక్టరుగారు. అప్పటికే లోపల ఒక కాన్పు కేసు నొప్పులు పడుతోంది, ఆవిడ కదలడానికి లేదు. షుగరు చూసే మిషను, గ్లూకోజు పొట్లాలు సంచిలో వేసి నా చేతికిచ్చి, "నడవగలరా?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు ఎందుకో చాలాకాలం గుర్తుండిపోయింది.

ఆటోలో రేవుకి వెళ్ళేసరికి పడవ అవతలి ఒడ్డున ఉంది. ఇసుకలో నిలబడి చెయ్యి ఊపాను, కేకలేశాను. పడవాయన అరటి గెలలు సర్దుకుంటూ తీరిగ్గా చూశాడు. ఆసుపత్రి సంచి పైకెత్తి చూపించాక ఇంజను స్టార్టు చేశాడు. ఏటి మధ్యలో ఉండగా నాకు ఆ వేడి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ప్రభువా, ఆయన బిళ్ళ వేసుకోకుండా చూడు" అని ఒకటే మాట అనుకున్నాను.

వేసుకున్నారు. రెండ్రోజుల క్రితమే బిళ్ళలు అయిపోయాయని, ఇంటికెళ్ళగానే అన్నం కూడా తినకుండా ఒకటి వేసుకున్నారు.

పెంకుటిల్లు, ముందు చిన్న పంచ. పెద్దాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది, చేతులు ఒణుకుతున్నాయి, మాట తడబడుతోంది. ఆయన భార్య పక్కన నిలబడి గ్లాసుతో బెల్లం నీళ్ళు తాగిస్తోంది. ఆవిడకి మందుల సంగతి ఏమీ తెలియదు. ఎండలో నడిచొచ్చి నీరసపడ్డాడనుకుంది. ఆ బెల్లం నీళ్ళే ఆయన్ని నేనొచ్చేదాకా నిలబెట్టాయి.

వేలు పొడిచి చూశాను. నలభై ఎనిమిది. గ్లూకోజు కలిపి తాగించాను. పావుగంటాగి చూస్తే డెబ్భై ఆరు. ఒణుకు తగ్గింది. ఆయన నన్ను పోల్చుకుని, "మందుల మేడంగారు! మీరెందుకొచ్చారండి ఇంత దూరం?" అన్నారు.

డాక్టరుగారికి ఫోను చేశాను. "ఆ బిళ్ళ పని సాయంత్రం దాకా, రాత్రి దాకా కూడా ఉంటుంది. అన్నం పెట్టించండి. అరగంటకోసారి చూడండి. మళ్ళీ పడితే వెంటనే చెప్పండి, ఏదో ఒక పడవ పంపిస్తాను. పడకపోతే అయిదింటి పడవకి ఇక్కడికి తీసుకొచ్చెయ్యండి, రాత్రికి మన దగ్గరే ఉంచుదాం."

అప్పుడు చెప్పాను. "పిన్నిగారూ, ఇది ఎండ వల్ల కాదండి. నేను వేరే ఆయన బిళ్ళలు బాబాయిగారికి ఇచ్చేశాను. తప్పు నాది."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "మనిషి పోయుంటేనో?" అంది.

"పోలేదు కదే," అన్నారు పెద్దాయన.

"నువ్వు మాట్లాడకు. అన్నం తిను." ఆవిడ లోపలికెళ్ళి కంచం తెచ్చింది. పప్పు, వంకాయ కూర. ఆయన ముందు పెట్టి, నాకేసి చూడకుండా గడప మీద కూర్చుంది. నేను పంచలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. రెండున్నరకి చూస్తే తొంభై నాలుగు.

మిషను సంచిలో పెడుతుండగా మళ్ళీ వేడెక్కింది. ఈసారి మరీ దారుణం. మొహం కందిపోయి, చెంపల మీంచి చెమట ధారగా కారుతోంది. కొంగు తడిసింది. ఊపిరి ఆడక లేచి నిలబడ్డాను. ఆవిడ చూస్తూనే ఉంది.

"ఎన్నాళ్ళయింది నీకు ఇలాగ?" అంది. మేడంగారు పోయి నువ్వు వచ్చింది.

"ఏడాది దాటిందండి."

"రాత్రిళ్ళు?"

"నిద్ర లేదండి." ఇంట్లో మొగుడికీ, చర్చిలో స్నేహితులకీ, ఆసుపత్రిలో డాక్టరుకీ చెప్పని మాట, నేను చంపబోయిన మనిషి భార్యకి చెప్పాను.

ఆవిడ తాటాకు విసనకర్ర తీసుకొచ్చి నా పక్కన కూర్చుని విసరడం మొదలుపెట్టింది. "నాకూ ఆ ఈడులో రెండేళ్ళు నిద్ర లేదు. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించింది. ఇదిగో ఈయన రాత్రిపూట మంచం మోసుకెళ్ళి అరటితోటలో వేసేవాడు, చల్లగా ఉంటుందని."

"పడుకునేవారా అక్కడ?"

"ఎక్కడ! దోమలు పీక్కుతినేవి. ఈయన మాత్రం గుర్రు పెట్టేవాడు."

పెద్దాయన మజ్జిగన్నం కలుపుకుంటూ నవ్వారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆవిడ ఇంకో మంచం వాల్చింది. "పావుగంట నడుం వాల్చు. మూడింటికి నేను లేపుతాను కదా."

వద్దన్నాను. డ్యూటీలో ఉన్నానన్నాను. "కూర్చుని మాత్రం ఏం చేస్తావు, కళ్ళు మూసుకుపోతుంటే?" అంది. పావుగంటే కదా అని వాలాను. విసనకర్ర గాలి మొహానికి తగులుతూ ఉండటం గుర్తుంది. అంతే.

మెలకువ వచ్చేసరికి పంచలో ఎండ గోడ మీదకి ఎక్కేసింది. టైము నాలుగుంబావు. ఉలిక్కిపడి లేచాను. భార్యాభర్తలిద్దరూ గడప దగ్గర ముక్కాలిపీటల మీద కూర్చుని గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. పెద్దాయన చేతిలో నా మిషను ఉంది.

"పడుకోండమ్మా, పడుకోండి. అయిదింటికి కదా పడవ," అన్నారు ఆయన మెల్లగా.

"బాబాయిగారూ, మూడింటికి చూడాలి! మూడున్నరకి..."

ఆయన గోడ మీద క్యాలెండరు చూపించారు. ఆ రోజు గడి పక్కన పెన్సిలుతో రాసుంది. మూడు గంటలు, ఎనభై ఎనిమిది. మూడున్నర, తొంభై ఒకటి. నాలుగు, ఎనభై అయిదు. "మీరు చేసినట్టే చేశామండి. మొదటిసారి మా ఆవిడ పొడవడానికి భయపడింది. నేనే పొడుచుకున్నాను."

"లేపుదామనే వచ్చాను," అంది ఆవిడ. "పసిపిల్లలా నోరు తెరుచుకుని పడుకున్నావు. చేతులు రాలేదు."

ఆయన ప్రాణానికి కాపలా కాయడానికి వెళ్ళినదాన్ని. ఆయనేమో తన వేళ్ళు తనే పొడుచుకుంటూ, నా నిద్ర చెడకుండా భార్యతో గంటన్నరకి పైగా గుసగుసల్లో మాట్లాడారు. ఇక నా జీతం, నా సర్వీసు ఏమైపోయినా ఫరవాలేదనిపించింది ఆ నిమిషంలో.

అయిదింటి పడవకి ముగ్గురం కలిసి వచ్చాం. రేవులో కొడుకు ఎదురుచూస్తున్నాడు, చేతులకింకా మట్టి అంటుకునే ఉంది. నా మీద అరుస్తాడనుకున్నాను. వాళ్ళమ్మ పడవ దిగుతూనే, "అన్నీ తర్వాత చెబుతాను, ముందు ఆవిడ సంచి పట్టుకో," అంది. రాత్రంతా డాక్టరుగారు పెద్దాయన్ని కనిపెట్టుకుని ఉన్నారు. తెల్లారి సరైన బిళ్ళలిచ్చి ఇంటికి పంపించారు.

మర్నాడు నేను రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. ఏం జరిగిందో రాశాను. ఎందుకు జరిగిందో దగ్గర "పని ఒత్తిడి వల్ల" అని రాశాను. డాక్టరుగారు చదివి కాగితం బల్ల మీద పెట్టారు.

"మేడమ్, మీరు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

చెప్పాను. అంతా విని, "మరి అది రాయొచ్చు కదా?" అన్నారు.

"ఆ మాట కాగితం మీద వద్దండి. పైన చదివేవాళ్ళంతా మగవాళ్ళు."

"షుగరుందని రాయడానికి సిగ్గుపడరు కదా ఎవరూ. దీనికెందుకు ఆంటీ?" ఎప్పుడూ మేడమ్ అనే పిల్ల ఆంటీ అనేసరికి తలెత్తి చూశాను. ఆ కళ్ళలో జాలి ఉంది. ఆ జాలి నేను తీసుకోలేకపోయాను, ఎందుకంటే ఇంకో సగం చెప్పలేదు. రాత్రిపూట మింగుతున్న బిళ్ళల సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ మొహం మారింది. కోపమే. ఫార్మసిస్టుని కదండి నేను.

కాగితం చింపి మళ్ళీ రాశాను. నెలసరి ఆగే వయసని, ఏడాదిగా నిద్ర లేదని, డాక్టరుని అడక్కుండా మత్తు బిళ్ళలు వేసుకున్నానని, పొద్దున్న పూట తల పనిచేయడం లేదని తెలిసీ డ్యూటీ చేశానని.

అదే రోజు మధ్యాహ్నం అటెండరు పిఠాపురం నుంచి ప్రసాదంతో వచ్చింది. సంగతి తెలిసి వరండాలోనే కూలబడి ఏడ్చింది. "ఒక్కరోజు వెళ్ళానండి మేడంగారూ, ఒక్కరోజు!" అంటుంటే నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. రిజిస్టరు గొడవ జరిగిన రోజు నుంచి, రెండు నెలలుగా, ఈవిడ వరండా చివర చీపురు పట్టుకుని నిలబడి, నా దగ్గర మందులు తీసుకుని వెళ్ళే ప్రతి ఒక్కరినీ, "ఏదీ, కవరు చూపించు, చీటీ చూపించు" అని ఆపి చూసుకుంటోందట. రెండుసార్లు తేడా కనబడితే, నాకు చిన్నతనంగా ఉంటుందని, నర్సుకి చూపించి మార్పించిందట. నేను అందరి ముందూ తిట్టిన మనిషి! ఆ రోజు ఆమె చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. "మీరు మునుపు ఇలా ఉండేవారు కాదు కదండి. అందుకనే," అంది.

జిల్లా ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అది సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది, ఎక్కాల్సిందే. మూడు నెలలు మందుల రోజున ఇంకో ఫార్మసిస్టుని తోడు పంపించారు. మెమో మీద సంతకం పెట్టిన పెద్దాఫీసరుగారు ఒకసారి ఫోను చేశారు. గట్టి మనిషని పేరు. నేను లేచి నిలబడి మాట్లాడాను. నాలుగు ముక్కలు గట్టిగానే మందలించి, ఆగి, గొంతు తగ్గించి, "మా ఇంట్లో ఆవిడ కూడా ఏడాదిగా రాత్రిళ్ళు లేచి తిరుగుతోందండి. ఎందుకు నిద్రపోవని కోప్పడుతున్నాను. ఎవరికి చూపించమంటారు?" అన్నారు.

నన్ను డాక్టరుగారు రాజమండ్రిలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి పంపించారు. రక్తం తక్కువుందన్నారు, థైరాయిడు చూశారు, వేడి తగ్గడానికి కొన్నాళ్ళు మందు ఇచ్చారు. మత్తు బిళ్ళలు మానిపించారు. సాయంత్రం టీ మానేశాను. అది అన్నింటికంటే కష్టమైంది. నిద్ర రాకపోతే మంచం మీద పొర్లకుండా లేచి పక్క గదిలో కూర్చోమన్నారు. ఎంతసేపు పడుకున్నా పొద్దున్న అయిదుంబావుకే లేవమన్నారు. మావారికి అన్నీ చెప్పాను. "నేను జోకులేస్తూ కూర్చున్నాను," అన్నారు. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే కాలవ గట్టు మీద నాతో నడిచేవారు. ఒక్క రాత్రిలో ఏదీ బాగుపడలేదు. మూడు గంటలు నాలుగయ్యాయి, నాలుగు అయిదయ్యాయి. మధ్యలో మళ్ళీ మూడయ్యాయి. ఏడాది పట్టింది.

ఆ పొరపాటు జరిగిన మరుసటి నెల మందుల రోజున లంక పెద్దాయన వస్తారని నేననుకోలేదు. వచ్చారు. భార్యని కూడా తీసుకుని క్యూలో నిలబడ్డారు. నేను పేరు చదివాను, ఊరు చదివాను, బిళ్ళ చూపించి చెప్పాను. ఆయన తలూపి, కవరు జేబులో పెట్టుకుని పక్కకి తప్పుకున్నారు. ఆవిడ మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి వంగింది.

"పడుకుంటున్నావా?"

"నాలుగు గంటలు, పిన్నిగారూ."

"వస్తుందిలే, మెల్లిగా."

ఆవిడ వెనక క్యూలో ఒక యాభై ఏళ్ళావిడ ఉంది, ఎవరో తెలియదు. చేతిలో చీటీ నలుపుతూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తన వంతు వచ్చాక చీటీ ఇవ్వలేదు. "ఏంటండీ, మీకూ నిద్ర పట్టదా?" అంది, పక్కవాళ్ళకి వినబడకుండా.

నేను లేచి మందుల గది తలుపు తీశాను. "లోపలికి వచ్చి కూర్చోండి," అన్నాను.